ఉక్రేనియన్ భాషను ఆన్‌లైన్‌లో సున్నా నుంచి నేర్చుకోవడం: తెలుగువాళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

ఉక్రేనియన్‌లో ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అనాలంటే ‘ఉ మేనె యె క్నీహ’ అంటారు. ‘ఉ మేనె’ అంటే నా దగ్గర, ‘యె’ అంటే ఉంది, ‘క్నీహ’ అంటే పుస్తకం. ఇంగ్లీష్‌లో ‘ఐ హ్యావ్’ అనే చోట వాళ్ళు మనలాగే ‘నా దగ్గర ఉంది’ అంటారు. ‘నాకు చలిగా ఉంది’ అనాలంటే ‘మెనీ ఖోలొద్నొ’. ‘మెనీ’ అంటే నాకు. ‘నేను స్టూడెంట్‌ని’ అంటే ‘యా స్తుదేంత్’. మధ్యలో ‘యామ్’ లాంటి మాట వాళ్ళకీ లేదు, మనకీ లేదు.

ఈ పోలిక నాకు మొదటి రెండు నెలలు తెలియలేదు. నేను చూసిన కోర్సులన్నీ ఇంగ్లీష్ తెలిసినవాళ్ళ కోసం తయారైనవే. ఇంగ్లీష్‌వాళ్ళకు వింతగా ఉండేవాటిని పేజీలకు పేజీలు వివరిస్తాయి, నిజంగా మనకు కష్టమయ్యేవాటిని ఒక్క లైన్‌లో దాటేస్తాయి. పాఠం ఇంగ్లీష్‌లో విన్నా, దాన్ని తెలుగుతో పోల్చుకుంటూ నేర్చుకుంటే సగం బరువు తగ్గుతుంది. ఈ మార్గదర్శి మొత్తం ఆ దారిలోనే ఉంటుంది.

మనవాళ్ళకు ఈ భాష అవసరం ఎక్కడ పడుతుందంటే, నాకు తెలిసి మూడు చోట్ల. 2022కి ముందు ఎంబీబీఎస్ కోసం ఖార్కివ్, విన్నిత్స్య, తెర్నోపిల్, జపొరీజ్య లాంటి ఊళ్ళకు వెళ్ళిన తెలుగు పిల్లలు చాలామంది. పాఠాలు ఇంగ్లీష్‌లో జరిగినా, వార్డులో పేషెంట్‌ని ‘ఎక్కడ నొప్పి?’ అని అడగడానికి ఇంగ్లీష్ పనికిరాదు. ‘దె బొలీత్?’ అనాల్సిందే. రెండోది, యుద్ధం వల్ల ఇల్లు వదిలి పోలండ్, జర్మనీ, చెక్ దేశాలకు చేరిన ఉక్రెయిన్ కుటుంబాల పక్కన ఇప్పుడు మనవాళ్ళూ ఉంటున్నారు. కెనడాలో ఎడ్మంటన్, విన్నిపెగ్ వైపు ఉక్రెయిన్ మూలాలున్నవాళ్ళు తరాలుగా స్థిరపడి ఉన్నారు. మూడోది ఐటీ. నేను మొదలుపెట్టింది దీనివల్లే. మా టీమ్‌లో ఖార్కివ్ నుంచి పనిచేసే ఒకావిడ ఉండేవారు. 2022 ఫిబ్రవరి తర్వాత ఆవిడ కాల్‌లోకి వచ్చిన ప్రతిసారీ ‘ఎలా ఉన్నారు?’ అని ఆవిడ భాషలో అడగాలనిపించింది.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు

రష్యన్, ఉక్రేనియన్ ఒకటే కదా అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. కావు. రెండూ స్లావిక్ కుటుంబానివే, కానీ పదజాలంలో ఉక్రేనియన్‌కు బెలారూసియన్, పోలిష్ చాలా దగ్గర. ఉక్రేనియన్‌లో పుస్తకాల అచ్చును రష్యా సామ్రాజ్యం 1863లో చాలావరకు కట్టడి చేసింది, 1876లో ఇంకా గట్టిగా నిషేధించింది. సోవియట్ కాలంలో, 1933లో, లిపి నుంచి ఒక అక్షరాన్నే తీసేశారు. ‘గ’ పలికే ఆ అక్షరం 1990లో తిరిగి వచ్చింది. ఇంత జరిగినా నిలబడిన భాష అది. అందుకే ‘రష్యన్ నేర్చుకుంటే రెండూ వచ్చేస్తాయి’ అనే సలహా వినకండి. నేర్చుకోవాలనుకున్నది ఉక్రేనియన్ అయితే నేరుగా దాంతోనే మొదలుపెట్టండి.

ఎంతకాలం పడుతుంది? అమెరికా ప్రభుత్వం దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ ఉక్రేనియన్‌కు 44 వారాలు, సుమారు 1,100 గంటల క్లాసు కావాలని లెక్క వేసింది. అది ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు ఉద్యోగ స్థాయికి చేరడానికి. మనకు అంత స్థాయి మొదట్లో అక్కర్లేదు. రోజుకు 45 నిమిషాలు, వారానికి ఆరు రోజులు కూర్చుంటే, ఆరు నెలల్లో పరిచయాలు, కుటుంబం, కొనుగోళ్ళు, దారి అడగడం లాంటి మాటలు తడబడుతూనైనా మాట్లాడగలుగుతారు. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా రోజులు వదిలేస్తే మాత్రం రాదు.

మొదటి అడుగు: 33 అక్షరాలు, పది రోజులు

మన 56 అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు నేర్చుకున్నవాళ్ళకు 33 అక్షరాలు పెద్ద పని కాదు. అయితే వరసగా బట్టీ పట్టకండి. నాలుగు గుంపులుగా విడగొట్టండి.

మొదటి గుంపులో ఏడు. ఇంగ్లీష్‌లో ఏ, ఈ, ఐ, కె, ఎమ్, ఓ, టి లాగా కనిపిస్తాయి. వాటి శబ్దాలు అ, ఎ, ఇ, క, మ, ఒ, త. ఒక్క రోజు చాలు.

రెండో గుంపులో ఆరు. ఇవే మోసం చేసేవి. చూడటానికి ఇంగ్లీష్ అక్షరాలే, పలకడం వేరు. ‘బి’ లాగా ఉండేది వ. ‘హెచ్’ లాగా ఉండేది న. ‘పి’ లాగా ఉండేది ర. ‘సి’ లాగా ఉండేది స. ‘వై’ లాగా ఉండేది ఉ. ‘ఎక్స్’ లాగా ఉండేది గొంతులో రాసుకుంటూ వచ్చే ఖ, అంటే పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ‘ఖబర్’ అనేటప్పుడు వినిపించే ఖ. కీవ్‌లో హోటల్ బోర్డు చూసి ఇంగ్లీష్ అనుకుని చదివితే ‘పెక్టోపాహ్’ అని వస్తుంది. అసలు అది ‘రెస్తొరాన్’. ఈ ఆరింటికీ మూడు రోజులు ఇవ్వండి.

మూడో గుంపు మీకు లెక్కల క్లాసులో పరిచయమే. గామా, డెల్టా, లాంబ్డా, పై, ఫై ఆకారాలు గుర్తున్నాయా? వాటి పోలికలో ఉండే ఐదు అక్షరాలు వరసగా హ, ద, ల, ప, ఫ. గామా ఆకారం మాత్రం ‘గ’ కాదు, ‘హ’. దీని కథ తర్వాతి అడుగులో చెబుతాను.

మిగిలిన పదిహేను కొత్తవి. అంకె 3 లాంటిది జూపార్క్‌లోని ‘జ’. తిరగేసిన ఆర్ లాంటిది ‘య’, దానికే ‘నేను’ అనే అర్థం కూడా. పళ్ళ దువ్వెనలా ఉండేది ‘ష’. దానికి తోక తగిలిస్తే ‘ష్చ’. నెత్తిన రెండు చుక్కలున్న ఐ లాంటిది ‘యి’. ఈ చుక్కల అక్షరం రష్యన్‌లో లేదు. అందుకే 2022 తర్వాత రష్యా ఆక్రమించిన ఊళ్ళలో ఎదిరించేవాళ్ళు గోడల మీద ఈ ఒక్క అక్షరం రాసి పోతుండేవారు. చిన్న ‘బి’ లాగా ఉండేదానికి సొంత శబ్దం లేదు. ముందున్న హల్లును మెత్తబరుస్తుంది.

ఇక సాధన. ఫ్లాష్‌కార్డులు ఒక్కటే చాలవు. గూగుల్ మ్యాప్స్ తెరిచి, స్ట్రీట్ వ్యూలో కీవ్ నడిబొడ్డున ఉన్న ఖ్రెష్చాతిక్ వీధిలో దిగండి. నెమ్మదిగా నడుస్తూ ప్రతి బోర్డూ పైకి చదవండి. ‘అప్తేక’ మందుల షాపు. ‘బాంక్’ మనకు తెలిసిందే. ‘ఖ్లీబ్’ రొట్టె. ‘కావ’ కాఫీ. ‘చాయ్’ అయితే మన చాయే. అక్కడి నుంచి మరీన్‌స్కీ ప్యాలెస్ దాకా వెళ్ళండి. ఆస్కార్ గెలిచిన మన తెలుగు పాటను 2021లో చిత్రీకరించింది ఆ నీలం భవనం ముందే. రోజూ పావుగంట ఇలా తిరిగితే పదో రోజుకి అక్షరాలు వెతుక్కోవడం ఆగిపోతుంది.

పదో రోజు దాటాక పదాలను తెలుగు లిపిలో రాసుకోవడం మానేయండి. ఇది గట్టిగా చెబుతున్నాను. నేను మూడు నెలలు తెలుగులోనే రాసుకున్నాను. ‘అమ్మ యొక్క’ అన్నా, ‘అమ్మకి’ అన్నా నా నోట్‌బుక్‌లో ‘మామి’ అనే ఉంది. వాళ్ళ లిపిలో చివరి అచ్చులు రెండూ వేరు. ఒకటి స్పష్టమైన ఇ, రెండోది ఇ-ఎ మధ్యలో నలిగే శబ్దం. ఆ తేడా తెలుగు రాతలో పోయింది. ఆ నోట్‌బుక్ పక్కన పడేసి మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నది మీకు రుచి చూపించడానికే.

రెండో అడుగు: నోరు తిరగడం

ఈ విషయంలో మనం అదృష్టవంతులం. ఇంగ్లీష్‌వాళ్ళు తంటాలు పడే శబ్దాలు చాలావరకు మన నోట్లో ముందే ఉన్నాయి.

‘చలి’, ‘చాప’ అనేటప్పుడు వచ్చే చ, ‘చెట్టు’, ‘చిన్న’ అనేటప్పుడు వచ్చే చ ఒకటి కాదు. మొదటిది పళ్ళ దగ్గర పుడుతుంది. పాత పుస్తకాల్లో దాన్ని ౘ అని రాసేవారు. ఉక్రేనియన్‌లో ఈ రెండు శబ్దాలకూ రెండు వేర్వేరు అక్షరాలు ఉన్నాయి. చక్కెర అంటే ‘ౘూకొర్’, చలిలోని చ. టీ అంటే ‘చాయ్’, చెట్టులోని చ. ఇంగ్లీష్ కోర్సు ఈ ౘ కోసం ‘క్యాట్స్ చివర్లో వచ్చే శబ్దం’ అంటూ చాలా దూరం తిప్పుతుంది. మీరు ‘చలి’ అనుకుని పలకండి చాలు.

త, ద విషయంలో ఒక జాగ్రత్త. ఇంగ్లీష్ పాఠంలో టి, డి అని చూడగానే మన నోరు ట, డ అంటుంది. ఉక్రేనియన్‌లో ఉన్నవి త, ద మాత్రమే. అవును అంటే ‘తాక్’, ‘టాక్’ కాదు. ఇల్లు ‘దీమ్’, ‘డీమ్’ కాదు. ఇంగ్లీష్‌ను మధ్యలోంచి తీసేస్తే ఈ తప్పు అసలు రాదు.

గామా ఆకారం అక్షరం ‘హ’ అన్నాను కదా. మన ‘మహా’, ‘సహాయం’లో హ ఎలా గొంతు కలిసి వస్తుందో ఇదీ అంతే. రష్యన్‌లో ఇదే అక్షరం ‘గ’. అందుకే ‘పుస్తకం’ వాళ్ళ దగ్గర ‘క్నీగ’, వీళ్ళ దగ్గర ‘క్నీహ’. అక్కడి కరెన్సీ ‘హ్రీవ్న్య’. మన హైదరాబాద్‌ను ఆ లిపిలో రాసేటప్పుడు మొదట ఈ అక్షరమే పెడతారు.

మనకు కొత్తవి నాలుగే. జూపార్క్‌లోని జ. ‘ప్లెజర్’ మధ్యలో వచ్చే శబ్దం. ఇ-ఎ మధ్య నలిగే అచ్చు. మెత్తటి హల్లులు. ఈ చివరిది కష్టం. ‘దెన్’ అంటే పగలు, మన దినానికి బంధువే. దాని చివరి న ను ‘న్య’ అనబోయి అచ్చు రాకముందే ఆపేయాలి. నాలుక మధ్యభాగం అంగిలికి ఆనాలి. ‘ఫోర్వో’ అనే సైట్‌లో చాలా పదాలకు అక్కడి మనుషులే పలికిన రికార్డింగ్ దొరుకుతుంది. విని, ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసుకుని, రెండూ పక్కపక్కన వినండి. రోజుకు ఐదు పదాలు చాలు.

ఇక అసలు సమస్య ఊనిక. పదంలో ఏ అక్షరాన్ని నొక్కి పలకాలో రాతలో కనిపించదు. ‘జామొక్’ అంటే కోట, ‘జమోక్’ అంటే తాళం. రాత ఒకటే. దీనికి నేను కనిపెట్టుకున్న ఉపాయం, నొక్కే చోట దీర్ఘం ఉన్నట్టు వినడం. వాళ్ళ భాషలో దీర్ఘాలు వేరుగా లేవు కానీ, నొక్కిన అచ్చు మన చెవికి కాస్త సాగినట్టే వినిపిస్తుంది. పైగా ఈ ఊనిక కదులుతుంది. ‘వొదా’ అంటే నీళ్ళు, ‘వోదు’ అంటే నీళ్ళను. కాబట్టి కొత్త పదం ఎప్పుడు రాసుకున్నా నొక్కే అచ్చు మీద చిన్న గీత పెట్టుకోండి. గీత లేకుండా నేర్చుకున్న పదాన్ని మళ్ళీ నేర్చుకోవాల్సి వస్తుంది. ఊరట ఏంటంటే నొక్కని ‘ఒ’ కూడా ‘ఒ’గానే ఉంటుంది. పాలు ‘మొలొకో’, రాసినట్టే. రష్యన్‌లో అది ‘మలకో’ అయిపోతుంది.

మూడో అడుగు: కీబోర్డు

ఐదు నిమిషాల పని. జీబోర్డ్ సెట్టింగ్స్‌లో భాషల జాబితా నుంచి ఉక్రేనియన్ చేర్చుకోండి. అది రష్యన్ కీబోర్డు కాదని ఒకసారి చూసుకోండి, రెండు చుక్కల ఐ కనిపిస్తే సరైనదే. ‘గ’ అక్షరం విడిగా కనిపించకపోతే ‘హ’ కీ నొక్కి పట్టుకోండి. చేతిరాత కూడా ఒకసారి చూసి పెట్టుకోవాలి, ఎందుకంటే కలిపిరాతలో త చిన్న ‘ఎమ్’లా, ద చిన్న ‘జి’లా, ప చిన్న ‘ఎన్’లా మారిపోతాయి. టీచర్ రాసిన నోట్స్ చూసి టెన్షన్ పడకుండా ఉంటారు.

నాలుగో అడుగు: మొదటి వాక్యాలు

అక్షరాలు అయ్యాక పదాల జాబితాలకు పోకండి. వాక్యాలు పట్టుకోండి. ‘దోబ్రియ్ దెన్’ నమస్కారం. ‘ద్యాకుయు’ థాంక్స్. ‘బుద్ లాస్క’ దయచేసి. ‘మెనే జ్వాతి’ అని మీ పేరు చెప్పండి, అంటే ‘నన్ను ఫలానా అంటారు’. ‘యా జ్ ఈందియి’ నేను ఇండియా నుంచి. ‘యా నె రొజుమీయు’ నాకు అర్థం కావట్లేదు. ‘పొవిల్నీషె, బుద్ లాస్క’ కొంచెం నెమ్మదిగా. ఈ చివరి రెండూ మొదటి వారంలోనే రావాలి.

నువ్వు, మీరు తేడా వాళ్ళకూ ఉంది. ‘తి’ నువ్వు, ‘వి’ మీరు. కొత్తవాళ్ళను, పెద్దవాళ్ళను ‘వి’ అనే పిలవండి. పేరు ముందు మగవాళ్ళకు ‘పానె’, ఆడవాళ్ళకు ‘పానీ’ చేర్చడం మన ‘గారు’ లాంటి మర్యాద. ఒలేన అనే ఆవిడను పిలవాలంటే ‘పానీ ఒలేనొ’. చివర ‘న’ కాస్తా ‘నొ’ అయింది చూశారా? అది సంబోధన. ‘అమ్మ’ను పిలిచేటప్పుడు ‘అమ్మా’ అన్నట్టు, ‘మామ’ను పిలిచేటప్పుడు ‘మామొ’ అంటారు.

తర్వాత ఉంది, లేదు. ‘యె’ ఉంది, ‘నెమా’ లేదు. ఇంగ్లీష్‌లో ‘లేదు’ అనే ఒక్క మాట లేక పాఠాలు మెలికలు తిరుగుతాయి. మనకు ‘కరెంటు లేదు’ ఎలాగో వాళ్ళకు ‘స్వీత్ల నెమా’ అలాగే.

పదాల్లో కూడా పాత చుట్టరికం దొరుకుతుంది. ‘బ్రాత్’ సోదరుడు, మన భ్రాత. ‘మెద్’ తేనె, మధువు. ‘స్తో’ వంద, శతం. ‘ద్వా, త్రి’ విడమరచనక్కర్లేదు. ‘వొహోన్’ నిప్పు, అగ్ని. ‘నొవీయ్’ కొత్త, నవ. సంస్కృతం నుంచి మన తెలుగులోకి వచ్చిన మాటలకూ, వీళ్ళ మాటలకూ వేళ్ళు ఒకటే. నెలల పేర్లు మాత్రం జనవరి, ఫిబ్రవరి కావు. నవంబర్ ‘లిస్తొపాద్’, అంటే ఆకులు రాలేది. ఆగస్టు ‘సేర్పెన్’, కొడవలి నెల. జూలై ‘లీపెన్’, లిండెన్ చెట్టు పూసే నెల. పన్నెండు పేర్లూ నేర్చుకుంటే అక్కడి ఏడాది కళ్ళ ముందు కదులుతుంది.

ఐదో అడుగు: యాప్‌లు, పాడ్‌కాస్ట్

డుయోలింగోలో ఇంగ్లీష్ ద్వారా ఉక్రేనియన్ నేర్పే కోర్సు ఉచితంగా ఉంది. అలవాటు పడటానికి మంచిది. గ్రామర్ పెద్దగా వివరించదు కాబట్టి అదొక్కటే పట్టుకుంటే పదం చివర ఎందుకు మారిందో తెలియక చిరాకు వస్తుంది. రోజుకు పది నిమిషాలకు మించి వద్దు.

నా ఓటు ‘ఉక్రేనియన్ లెసన్స్ పాడ్‌కాస్ట్’కి. మొదటి సీజన్ సున్నా నుంచి మొదలవుతుంది, ఒక్కో ఎపిసోడ్‌లో చిన్న సంభాషణ, దాని విడమరుపు. ఆడియో ఉచితం. బస్సులో ఒకసారి వినండి, ఇంటికి వచ్చాక అదే ఎపిసోడ్ వాక్యం వాక్యం ఆపుతూ వెంట పలకండి, మర్నాడు మూడోసారి వినండి. కొత్త ఎపిసోడ్ కన్నా మూడోసారి విన్న పాత ఎపిసోడ్ ఎక్కువ నేర్పుతుంది.

గుర్తుపెట్టుకోవడానికి ‘ఆంకీ’ అనే ఫ్లాష్‌కార్డుల యాప్. తయారుగా ఉన్న కార్డులు దించుకోకుండా, పాఠంలో మీరు విన్న వాక్యాలతో మీరే చేసుకోండి. ముందువైపు తెలుగు వాక్యం, వెనక ఉక్రేనియన్. ముందువైపు ఇంగ్లీష్ పెడితే ‘యు’ అన్నప్పుడు నువ్వా, మీరా అనే గొడవ వస్తుంది. తెలుగులో ఆ తేడా ముందే ఉంటుంది.

అన్నిటికన్నా నేను ఎక్కువ వాడింది ‘హొరోఖ్’ అనే ఆన్‌లైన్ నిఘంటువు. ఆ మాటకు అర్థం బఠాణీ. ఏ పదం కొట్టినా ఊనిక ఎక్కడో, విభక్తి రూపాలన్నీ ఏమిటో పట్టికలో చూపిస్తుంది. అంతా ఉక్రేనియన్‌లోనే ఉంటుంది, అయినా రెండో నెల నుంచి వాడొచ్చు.

ఆరో అడుగు: విభక్తులు

ఇక్కడే చాలామంది ఆపేస్తారు. మనం ఆగనక్కర్లేదు. ‘డు, ము, వు, లు ప్రథమా విభక్తి’ అని స్కూల్లో వల్లించినవాళ్ళం. వాళ్ళకు ఏడు విభక్తులు, సంబోధనతో కలిపి.

అమ్మ అనే పదమే చూడండి. ‘మామ’ అమ్మ. ‘మాము’ అమ్మను. ‘మామొయు’ అమ్మతో, అమ్మ చేత. ‘మామి’, స్పష్టమైన ఇ తో, అమ్మకి. ‘మామి’, నలిగే అచ్చుతో, అమ్మ యొక్క. ‘మామొ’ అమ్మా! ‘రూచ్క’ పెన్ను, ‘రూచ్కొయు’ పెన్నుతో. మన ‘తో’ పని వాళ్ళ ‘ఒయు’ చేస్తోంది. ఇంగ్లీష్‌వాళ్ళకు ‘నామవాచకం చివర మారుతుంది’ అన్న ఆలోచనే కొత్త. మనకు అది ఊపిరి.

తేడా ఎక్కడంటే, మన ‘తో’ ఏ పదానికైనా ఒకేలా అతుక్కుంటుంది. వాళ్ళ ప్రత్యయం లింగాన్ని బట్టి మారుతుంది. ‘మొలొకో’ నపుంసకం కాబట్టి పాలతో అంటే ‘మొలొకోమ్’. లింగం కనుక్కోవడం చాలాసార్లు తేలికే. హల్లుతో ముగిస్తే పుంలింగం, ‘అ, య’తో ముగిస్తే స్త్రీలింగం, ‘ఒ, ఎ’తో ముగిస్తే నపుంసకం. మినహాయింపులు ఎదురైనప్పుడు నేర్చుకోండి. ఇంకో తేడా, ప్రత్యయంతో పాటు చాలాసార్లు ముందు విభక్తి పదం కూడా వస్తుంది. ‘కావ జ్ మొలొకోమ్’ పాలతో కాఫీ. ‘బెజ్ ౘూక్రు’ చక్కెర లేకుండా. ‘ఉ కీయెవి’ కీవ్‌లో. ‘దొ కీయెవ’ కీవ్‌కి. ‘జ్ కీయెవ’ కీవ్ నుంచి.

పట్టిక మొత్తం ఒకేసారి బట్టీ పట్టొద్దు. సంబోధన మొదటి రోజే వస్తుంది. తర్వాత ‘ను’, తర్వాత ‘లో’, తర్వాత ‘యొక్క’. ఈ ‘యొక్క’ రూపం ‘లేదు’ తర్వాత, ‘లేకుండా’ తర్వాత, ఐదు, ఆ పైన చాలా అంకెల తర్వాత కూడా వస్తుంది కాబట్టి దానికి ఎక్కువ రోజులు ఇవ్వండి. ఒక హ్రివ్న్య ‘ఒద్నా హ్రీవ్న్య’, రెండు ‘ద్వి హ్రీవ్ని’, ఐదు మాత్రం ‘ప్‌యాత్ హ్రీవెన్’. ‘కి’, ‘తో’ నాలుగో నెలకు వదిలేయండి. ఒక్కో విభక్తికి రెండు వారాలు, రోజూ మీ ఇంట్లో వస్తువులతోనే పది వాక్యాలు రాయండి.

ఏడో అడుగు: క్రియలు

‘చదువుతాను, చదువుతావు, చదువుతాడు’ లాగే ‘చితాయు, చితాయెష్, చితాయె’. క్రియ చివరే ఎవరో చెబుతుంది. భూతకాలంలో ‘చితావ్’ చదివాడు, ‘చితాల’ చదివింది. కానీ ‘నేను చదివాను’ అన్నా ఈ తేడా ఉంటుంది. మగవాళ్ళు ‘యా చితావ్’, ఆడవాళ్ళు ‘యా చితాల’ అనాలి. హిందీ తెలిసినవాళ్ళకు ఇది అలవాటే. గూగుల్ ట్రాన్స్‌లేట్ చాలాసార్లు పుంలింగమే ఇస్తుంది, ఆడవాళ్ళు మార్చుకోవాలి.

ఇంకొకటి, దాదాపు ప్రతి క్రియకూ జంట ఉంటుంది. ‘చితాతి’ చదవడం, ‘ప్రొచితాతి’ చదివేయడం. ‘పిసాతి’ రాయడం, ‘నపిసాతి’ రాసేయడం. మన ‘చదివాను’, ‘చదివేశాను’ తేడా మనసులో పెట్టుకుంటే పని మొదలుపెట్టి చేస్తూ ఉండటమా, ముగించడమా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. అన్నిచోట్లా సరిగ్గా కుదరదు, అయినా మంచి ఊతకర్ర. కొత్త క్రియ ఎప్పుడూ జంటగానే రాసుకోండి.

ఎనిమిదో అడుగు: టీచర్

రెండో నెల చివరికి వారానికి ఒక్క గంటైనా మనిషితో మాట్లాడాలి. ఐటాకీ, ప్రెప్లీ లాంటి సైట్లలో ఉక్రెయిన్ నుంచే పాఠాలు చెప్పే టీచర్లు ఉంటారు. ప్రెప్లీని 2012లో మొదలుపెట్టింది ఉక్రెయిన్‌వాళ్ళే. ముందు ఇద్దరు ముగ్గురితో ట్రయల్ క్లాసు తీసుకోండి. రష్యన్ కలపకుండా ఉక్రేనియన్ మాత్రమే నేర్పమని మొదట్లోనే చెప్పండి. నేను డబ్బు కట్టిన ఒక కోర్సులో రెండు భాషల పదాలూ కలిసిపోయి ఉన్నాయి, ఏది ఏదో తేల్చుకోవడానికి నెల పట్టింది. మామూలు జనం కూడా కొన్ని ప్రాంతాల్లో రెండూ కలిపి మాట్లాడతారు, ఆ కలగలుపును ‘సూర్జిక్’ అంటారు. అది తప్పేమీ కాదు, కానీ మొదట్లో మీకు శుద్ధమైన రూపమే వినిపించాలి.

టైమ్ చూసుకోండి. చలికాలంలో వాళ్ళు మనకు మూడున్నర గంటలు వెనక, ఎండాకాలంలో రెండున్నర. మనకు రాత్రి 8 అయితే కీవ్‌లో చలికాలం సాయంత్రం 4:30. మార్చి చివర, అక్టోబరు చివర గడియారం మారుస్తారు, ఆ వారాల్లో క్లాసు టైమ్ మళ్ళీ అడగండి.

యుద్ధం నడుస్తున్నప్పుడు క్లాసులు ఆగిపోతుంటాయి. ఒకసారి మా టీచర్ ఫోన్ టార్చి వెలుతురులో కనిపించి, ‘స్వీత్ల నెమా’ అని, అదే రోజు పాఠంగా మార్చి ఆ మాటతోనే పది వాక్యాలు చేయించారు. ఇంకోసారి ‘త్రివోహ’ అని ఒక్క మెసేజ్ పెట్టి షెల్టర్‌కు వెళ్ళిపోయారు. ఆ మాటకు హెచ్చరిక, అలజడి అని అర్థం. క్లాసు రద్దయితే డబ్బు గురించి పేచీ పెట్టకండి. ఇంట్లోవాళ్ళు క్షేమమా అని అడగండి. యుద్ధం గురించి వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి, తవ్వి అడగొద్దు.

తొమ్మిదో అడుగు: చెవి నింపుకోవడం

మూడో నెల నుంచి రోజూ పది నిమిషాలు అక్కడివాళ్ళ కోసం తయారైనది వినండి. ప్రజా ప్రసార సంస్థ సుస్పీల్నె వార్తలు యూట్యూబ్‌లో ఉంటాయి. మొదట ఊరి పేర్లు, అంకెలు మాత్రమే దొరుకుతాయి. నెలకు వాతావరణం అర్థమవుతుంది. పాటలకు ‘ఒకెయాన్ ఎల్జి’ అనే ల్వీవ్ బృందంతో మొదలుపెట్టండి, గాయకుడి పలుకు తేటగా ఉంటుంది. 2022లో యూరోవిజన్ పాటల పోటీ గెలిచిన ‘కలూష్ ఆర్కెస్ట్రా’ ర్యాప్ వేగం కొంచెం తర్వాత. పాత టీవీ సీరియళ్ళు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త, ఉక్రెయిన్‌లో తీసినవే అయినా చాలావాటిలో మాటలు రష్యన్‌లో ఉంటాయి. వంట వీడియోలు చక్కగా పనికొస్తాయి. చేతులు చూపిస్తూ మాట్లాడతారు కాబట్టి తరుగు, వేయించు, ఉప్పు, ఉల్లిపాయ అన్నీ డిక్షనరీ లేకుండానే వస్తాయి. బోర్ష్చ్ అనే బీట్‌రూట్ సూప్ వండే వీడియో ఒకటి పట్టుకుని నాలుగుసార్లు చూడండి. ఆ వంట సంప్రదాయాన్ని యునెస్కో 2022లో అత్యవసరంగా కాపాడాల్సిన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆరు నెలలు దాటాక మీకు ఒక పరీక్ష కావాలంటే అక్టోబరు చివర దాకా ఆగండి. ఉక్రేనియన్ భాషా దినోత్సవం సందర్భంగా 2000 నుంచి ఏటా రేడియోలో జాతీయ డిక్టేషన్ జరుగుతోంది. ఒకరు నెమ్మదిగా చదువుతారు, దేశమంతా కూర్చుని రాస్తుంది. ఆన్‌లైన్‌లో కూడా వస్తుంది. నేను మొదటిసారి రాసినప్పుడు సగం వాక్యాలు ఖాళీగా వదిలేశాను. రెండో ఏడాది తప్పులతోనైనా చివరి వాక్యం దాకా రాశాను. ఆ కాగితం ఫొటో తీసి ఖార్కివ్ ఆవిడకు పంపితే, తప్పులన్నీ ఎర్రరంగుతో దిద్ది, కింద ‘దూజె దోబ్రె’, చాలా బాగుంది, అని రాసి తిరిగి పంపారు.